ధరకూ జీతానికీ నడుమ

బియ్యం ధర పెరగడానికి ఒక్క రాత్రి చాలు. జీతం పెరగడానికి మాత్రం ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. యూనియను వారు మహజరు ఇవ్వాలి, కమిటీ కూర్చోవాలి, దాని నివేదిక రావాలి, ఆపైన ఉత్తర్వులు వెలువడాలి. ఈ రెండింటి నడుమ కాలం ఎలా గడుస్తుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఆవిడకు అనుభవంలో ఉన్న ఈ సంగతినే గణితంలోకి ఎక్కించి, దేశాల ఖజానాలు నడిపేవారికి పాఠంగా చెప్పిన ఆచార్యుడు స్టాన్లీ ఫిషర్. 2025 మే 31న, 81 ఏళ్ల వయసులో ఆయన కాలధర్మం చెందారు.

మన విశ్వవిద్యాలయాలలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. రూడిగర్ డోర్న్‌బుష్‌తో కలిసి ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథం 1978లో వెలువడింది. పరీక్షల ముందు రాత్రి దానితో కుస్తీ పట్టినవారు మనలో ఎందరో ఉన్నారు. అయితే ఆ పుస్తకం వ్రాసినాయన తరువాత ఏం చేశాడో తెలిసినవారు తక్కువ.

ఫిషర్ 1943లో ఆఫ్రికాలో, ఆనాటి ఉత్తర రొడీషియాలోని మజబూక అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ దేశమే నేటి జాంబియా. తండ్రికి ఆ ఊళ్లో దుకాణం ఉండేది. పదమూడో ఏట కుటుంబంతో దక్షిణ రొడీషియా చేరి, అక్కడి నుంచి లండన్ వెళ్లి అర్థశాస్త్రం చదివి, అమెరికాలో ఎం.ఐ.టి. అని పిలిచే మసాచుసెట్స్ సంస్థలో 1969లో డాక్టరేటు పుచ్చుకున్నారు. కొంతకాలం షికాగోలో పాఠాలు చెప్పి, 1973లో తిరిగి ఎం.ఐ.టి.కే ఆచార్యుడుగా వచ్చారు.

ఆ రోజుల్లో పండితులలో ఒక వాదం బలంగా ఉండేది. ప్రజలు తెలివైనవారు, కేంద్ర బ్యాంకు ఏం చేయబోతుందో ముందే పసిగట్టి సర్దుకుంటారు, కనుక బ్యాంకు ఎన్ని ఎత్తులు వేసినా ఉద్యోగాలు పెరగవు, తరగవు అనేది ఆ వాదం. ఫిషర్ 1977లో ఒక వ్యాసం వ్రాసి దీనికి బదులు చెప్పారు. ప్రజలు తెలివైనవారే కావచ్చు, కాని కూలి ఒప్పందం రెండేళ్లకు కుదుర్చుకున్న కార్మికుడు మధ్యలో అనుకోని దెబ్బ తగిలితే ఏం చేస్తాడు? అతని చేతులు ఒప్పందంతో కట్టుబడి ఉన్నాయి. కేంద్ర బ్యాంకు చేతులు కట్టుబడి లేవు. కనుక అతను కదలలేని ఆ వ్యవధిలో బ్యాంకు కదలగలదు, కదిలితే ఫలితం ఉంటుంది. సారాంశం ఇంతే.

ఇంతవరకూ ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమే. ఏటిలో దిగే అవసరం 1980ల్లో వచ్చింది. ఇజ్రాయెలులో 1984లో ధరలు ఒక్క ఏడాదిలో 400 శాతం పైగా పెరిగాయి. అంటే సంక్రాంతికి రూపాయి ఉన్న వస్తువు మళ్లీ సంక్రాంతికి ఐదు రూపాయలు దాటిందన్నమాట! అక్కడ ధరలతోపాటు జీతాలు కూడా పెరిగే ఏర్పాటు ఉండేది. ధర జీతాన్ని లాగుతుంది, జీతం ధరను తోస్తుంది. అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్జ్ తరఫున ఈ చిక్కును పరిశీలించిన సలహాదారులలో ఫిషర్ ఒకరు. 1985 జూలైలో ఇజ్రాయెల్ ప్రభుత్వం బడ్జెటు లోటు తెగ్గోసింది. మారకపు రేటును కట్టిపెట్టింది. కార్మిక సమాఖ్యను ఒప్పించి ధరలనూ జీతాలనూ కొంతకాలం స్తంభింపజేసింది. మరుసటి ఏడాదికి ద్రవ్యోల్బణం 20 శాతం దరిదాపులకు దిగింది. కూలివాళ్ల సమ్మతి లేకపోతే ఏ పండితుడి సూత్రమూ అక్కడ పారేది కాదు.

1988 నుంచి 1990 వరకు ప్రపంచ బ్యాంకులో ప్రధాన ఆర్థికవేత్తగానూ, 1994 నుంచి 2001 వరకు అంతర్జాతీయ ద్రవ్యనిధిలో రెండవ స్థానంలోనూ ఆయన పనిచేశారు. ఆయన జీవితంలో అందరూ మెచ్చని ఘట్టం ఈ రెండోదే. 1997లో థాయిలాండు, ఇండొనేషియా, దక్షిణ కొరియాల నాణేలు కుప్పకూలినప్పుడు, అప్పు ఇస్తూ ద్రవ్యనిధి విధించిన షరతులు కఠినమైనవి. వడ్డీరేట్లు పెంచమన్నారు, ప్రభుత్వ ఖర్చు తగ్గించమన్నారు. వ్యాపారాలు మూతబడ్డాయి, పనులు పోయాయి. నాణెం పతనం ఆపకపోతే ఇంతకంటే ఘోరం జరిగేదని ఫిషర్ సమర్థించుకున్నారు. రోగం కంటె మందే ఎక్కువ బాధించిందని జోసెఫ్ స్టిగ్లిజ్ వంటి పండితులు దుయ్యబట్టారు. ఆ వాదం నేటికీ తెగలేదు.

ద్రవ్యనిధిని వదిలాక, 2002లో ఆయన సిటీగ్రూప్ అనే పెద్ద బ్యాంకులో ఉపాధ్యక్షుడయ్యారు. దీనిమీదా స్టిగ్లిజ్ వేలు చూపారు. నిన్న దేశాలకు షరతులు పెట్టినవాడు నేడు బ్యాంకు కొలువులో చేరితే ప్రజలు ఏమనుకోవాలి? ఫిషర్ నిజాయితీ ఎరిగినవారు ఈ మాటకు నొచ్చుకున్నారు. నిజమే, ఆయన తప్పు చేశాడనడానికి ఆధారం ఎవరూ చూపలేదు. అయినా ప్రశ్న న్యాయమైనదే. మనిషి మంచివాడైతే సరిపోదు, ఆ కుర్చీలో రేపు ఎవరు కూర్చున్నా జనానికి అనుమానం కలగని కట్టుబాట్లుండాలి.

2005లో ఆ పెద్ద జీతం వదులుకొని ఫిషర్ ఇజ్రాయెల్ కేంద్ర బ్యాంకు గవర్నరు అయ్యారు. పాత సిద్ధాంతానికి అసలు పరీక్ష అక్కడ జరిగింది. 2008లో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ మునిగి లోకమంతా అల్లాడినప్పుడు, 4.25 శాతం ఉన్న వడ్డీరేటును 2009 ఏప్రిల్‌కల్లా అర శాతానికి దించారు. ఎగుమతిదారులు దెబ్బతినకుండా రోజుకు రెండున్నర కోట్ల డాలర్లు, తరువాత పది కోట్ల డాలర్లు కొనిపించారు. 2009 ఆగస్టులో, ఇతర దేశాలు ఇంకా బెదురుతుండగానే, వడ్డీ మళ్లీ పెంచడం మొదలుపెట్టారు. ఆ దేశం మిగతా దేశాలంత నష్టపోలేదు. అయితే చవక వడ్డీకి మరో ముఖం ఉంది. ఇళ్ల ధరలు పెరిగాయి. 2011 వేసవిలో టెల్ అవీవ్ వీధుల్లో యువకులు గుడారాలు వేసి నిరసన తెలిపారు. ఒకరి ఉద్యోగం నిలబెట్టిన చెయ్యే మరొకరికి ఇల్లు అందకుండా చేసింది!

ఆ పదవిలో ఆయన చేసిన మంచి పని నా దృష్టిలో వేరే ఉంది. అంతవరకూ అక్కడ వడ్డీరేటు నిర్ణయం గవర్నరు ఒక్కడి చేతిలో ఉండేది. 2010లో కొత్త చట్టం వచ్చి, దాన్ని ఆరుగురు సభ్యుల సంఘానికి అప్పగించింది. ఫిషర్ ఆ చట్టాన్ని కోరి తెప్పించుకున్నారు. లోకం మెచ్చిన పండితుడు తన అధికారం తానే పంచిపెట్టడం చిన్న విషయం కాదు. ధరకూ జీతానికీ నడుమ నలిగేవారి బ్రతుకు ఒకే తల మీద, అది ఎంత గొప్ప తలైనా సరే, ఆధారపడకూడదు.

2014 నుంచి 2017 వరకు ఆయన అమెరికా ఫెడరల్ రిజర్వు ఉపాధ్యక్షుడుగా ఉన్నారు. ఆ సంస్థను 2014 దాకా నడిపిన బెన్ బెర్నాంకీ ఎం.ఐ.టి.లో ఆయన శిష్యుడే. ఐరోపా కేంద్ర బ్యాంకును ఎనిమిదేళ్లు నడిపిన మారియో ద్రాగీ కూడా అక్కడ ఆయన పాఠాలు విన్నవారే.

మన దేశంలోనూ 2016 దాకా వడ్డీరేటుపై చివరిమాట రిజర్వు బ్యాంకు గవర్నరుదే. 2008 సెప్టెంబరులో మన తెలుగువాడు దువ్వూరి సుబ్బారావు గారు గవర్నరైన పదిరోజులకే లేమాన్ పతనం ఎదురైంది. అంత భారం ఒక్కరి మీద! 2016లో చట్టం సవరించి మనమూ ఆరుగురి సంఘాన్ని ఏర్పరచుకున్నాం. సమావేశమైన పద్నాలుగో రోజున, ఎవరు ఎటు ఓటు వేశారో, ఎందుకు వేశారో ప్రకటించాలని నియమం ఉంది. ఇంటి అప్పుకు వాయిదా కట్టే ప్రతివారూ ఒక్కసారైనా అది తెప్పించుకుని చదవాలి. మన ధరకూ మన జీతానికీ నడుమ ఉన్న రోజులను లెక్కగట్టేది ఆ ఆరుగురే కదా!