డబ్బు ఉన్నా దొరకని గడియారం

స్విట్జర్లాండ్‌తో పాటు మరో మూడు ఐరోపా దేశాలతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. స్విస్ వాచీల మీద ఉన్న 20 శాతం దిగుమతి సుంకం ఏడేళ్లలో దశలవారీగా తొలగిపోతుంది. ఇక ఖరీదైన వాచీలు మన ఊళ్లలోనూ సులువుగా దొరుకుతాయని అనుకునేవారున్నారు. చాలావరకు దొరుకుతాయి. అందరూ కోరుకునే ఆ నాలుగైదు రకాలు మాత్రం దొరకవు. వాటి విషయంలో అడ్డం ధర కాదు.

రోలెక్స్ వారి స్టీలు డేటోనానే తీసుకుందాం. షోరూముకు వెళ్లి పూర్తి సొమ్ము బల్ల మీద పెట్టినా వాచీ చేతికివ్వరు. పేరు రాసుకుంటామంటారు. అయితే ఆ పేర్లకు వరుస ఉండదు. మన రేషను షాపు దగ్గరైనా ముందు వచ్చినవాడికి ముందు అనే న్యాయం ఉంది. ఇక్కడ ఎవరికి ఇవ్వాలో డీలరు ఇష్టం. ఎంతగానో ఎదురుచూసి విసిగినవారు అనేక దేశాల్లో చెప్పే మాట ఒకటే: ఎవరూ పెద్దగా అడగని వాచీలు, నగలు ముందుగా అదే షాపులో కొంటూ పోవాలి. ఏళ్ల తరబడి అలా మంచి కస్టమరు అనిపించుకుంటే ఒకనాడు ఫోను వస్తుంది. రాకనూ పోవచ్చు. ఎంత కొంటే అర్హత వస్తుందో ఎక్కడా రాసి ఉండదు.

కొరత తమ వ్యూహం కాదని రోలెక్స్ సంస్థ 2021లో చెప్పింది. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. ఏడాదికి పది లక్షలకు పైగా వాచీలు చేస్తుందని నిపుణుల అంచనా. బుల్ అనే పట్టణంలో కొత్త కర్మాగారం కూడా తలపెట్టింది. పటెక్ ఫిలిప్ సంగతి వేరు. నాటిలస్ 5711 అనే వాచీ కోసం జనం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్న సమయంలోనే, 2021లో, దాని తయారీ ఆపేసింది. అదే ఏడాది చివర టిఫనీ సంస్థతో 170 ఏళ్ల సంబంధానికి గుర్తుగా నీలి డయలుతో 170 వాచీలు మాత్రం చేసింది. అసలు ధర 53 వేల డాలర్లకు లోపే. డిసెంబరులో న్యూయార్క్ వేలంలో అందులో ఒకటి 65 లక్షల డాలర్లు పలికింది. ఆ సొమ్ము పర్యావరణ పరిరక్షణకు వెళ్లింది, అది వేరే సంగతి. ఒక వాచీ ధర నూరు రెట్లు దాటిందంటే అక్కడ అమ్ముడుపోయింది వాచీ కాదని మేము అనుకుంటున్నాము. తాను ఏర్పరచబడినవాణ్ణి అనే భావం అమ్ముడుపోయింది.

డీలరు దగ్గర లేనిది పక్క మార్కెట్టులో ఆ రోజే ఉంటుంది. 2022 మొదట్లో డేటోనా అక్కడ అసలు ధరకు మూడు రెట్ల దాకా పలికింది. షాపులో కొని గుమ్మం దాటితే చాలు లాభం. ఆ ఆశతో కొన్నవారిలో, ధర శిఖరాన ఉన్నప్పుడు కొన్నవారు కొద్ది నెలల్లోనే చేతులు కాల్చుకున్నారు. మన బజార్లలో 'ఫస్ట్ కాపీ' కొని పెట్టుకునే కుర్రవాడి ఆశ కూడా ఈ వేలంపాటలో ఉన్నదే. అతనికి సమయం చెప్పడానికి ఫోను ఉంది.

బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడికి మంచి చోటు చూపిన సమాజాన్ని యాకోబు మందలించాడు. షోరూములో ఉంగరం ఉన్నవాడు కూడా నిలబడే ఉంటాడు, ధనవంతుల్లోనే పక్షపాతం. బీదవాడు ఆ గుమ్మం దాకా రాడు గనుక ఇది మన గొడవ కాదని అనిపించవచ్చు. కాని ఆ వాచీలు సంఘకాపరుల చేతులకూ వస్తాయి, చాలాసార్లు కానుకగా.

2012లో రష్యన్ ఆర్థొడాక్స్ సంఘ ప్రధానాచార్యుడు కిరిల్ దగ్గర దాదాపు 30 వేల డాలర్ల బ్రెగే వాచీ ఉందన్న విమర్శ వచ్చింది. అది ఎవరో ఇచ్చిన కానుక అనీ, తాను ఎన్నడూ పెట్టుకోలేదనీ ఆయన అన్నారు. కొద్ది రోజులకే సంఘపు వెబ్‌సైటులోని పాత ఫోటో ఒకటి జనం కంట పడింది. న్యాయశాఖ మంత్రితో ఆయన బల్ల దగ్గర కూర్చున్న ఫోటో అది. మణికట్టు మీద వాచీ లేదు, ఎవరో చెరిపేశారు. నున్నగా మెరిసే ఆ బల్ల మీద మాత్రం వాచీ నీడ అలాగే ఉంది. సంఘం అసలు ఫోటోను తిరిగి పెట్టి, క్షమాపణ చెప్పుకుంది.