పశ్చాత్తాపం ఎవరి ముందు?

పశ్చాత్తాపపడిన మగవాడంటే చరిత్రకు మహా ప్రేమ. కళింగలో చచ్చినవాళ్ళ పేరు ఒక్కటీ మనకు తెలియదు, అశోకుడి దుఃఖం మాత్రం బడిపిల్లలందరికీ తెలుసు. న్యాయమూర్తి శామ్యూల్ సీవాల్ కథనూ ఇలాగే చెబుతూ వస్తున్నారు.

1692లో మసాచుసెట్స్ వలస రాజ్యంలోని సేలంలో 'మంత్రగత్తెల'ను విచారించిన న్యాయమూర్తుల్లో సీవాల్ ఒకడు. నిష్ఠగల ప్యూరిటన్. ఆ కోర్టు తీర్పులతో 19 మందిని ఉరితీశారు, వారిలో 14 మంది స్త్రీలు. రెబెకా నర్స్ అనే వృద్ధురాలు నిర్దోషి అని జ్యూరీ చెబితే, మళ్ళీ ఆలోచించుకొమ్మని వెనక్కి పంపింది న్యాయమూర్తులే. ఆమెనూ ఉరితీశారు. శారా గుడ్‌ని ఉరితీస్తే, నాలుగైదేళ్ళ ఆమె కూతురు సంకెళ్ళతో జైల్లో ఉంది.

1697 జనవరిలో బోస్టన్ చర్చిలో సీవాల్ రాసిచ్చిన చీటీని పాస్టర్ చదువుతుంటే, అందరి ముందూ ఆయన లేచి నిలబడ్డాడు. నిందా సిగ్గూ తనవేనన్నాడు. 1700లో బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ 'జోసెఫ్ అమ్మకం' అనే చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ చచ్చేదాకా తప్పు ఒప్పుకోలేదు.

కానీ ఆ చీటీని చదివి చూడండి. తన మీదా తన కుటుంబం మీదా దేవుడు వేస్తున్న దెబ్బలతో మొదలవుతుంది. బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి భయం అది. మనుషుల క్షమాపణ అడుగుతాడు, దేవుడి క్షమాపణ మరీ మరీ అడుగుతాడు. ఉరితీసిన ఒక్క స్త్రీ పేరూ అందులో లేదు. బానిసత్వం తప్పన్న పుస్తకంలోనే, నల్లవాళ్ళు తమలో ఎన్నటికీ కలవలేరనీ రాశాడు. మొట్టమొదట నింద మోసినవాళ్ళలో టిటుబా ఒకతె. ఆమె బానిస. ఏడాదికి పైగా జైల్లో మగ్గాక, జైలు ఖర్చులు కట్టి ఎవరో తీసుకుపోయారు. ఆ తర్వాత ఆమె ఏమైందో చరిత్ర రాసుకోలేదు. సీవాల్ పశ్చాత్తాపం మాత్రం మసాచుసెట్స్ శాసనసభ గోడమీద బొమ్మగా ఉంది. దోషిగా మిగిలిపోయిన ఎలిజబెత్ జాన్సన్ పేరు మీది మచ్చ తుడవడానికి 2022 దాకా పట్టింది. అదీ బడిపిల్లలు పట్టుబడితే.

మెట్‌పల్లిలో పెరిగిన నాకు ఈ కథ ఎందుకు గుచ్చుకుందంటే, మాకు ఆ చీటీ కూడా లేదు. మా వాడలో బీడీలు చుట్టుకుని బతికే ఒంటరి స్త్రీ ఉండేది. ఎవరి పిల్లకు జ్వరం తగ్గకపోయినా, ఎవరి బర్రె పాలివ్వకపోయినా ఆమె పేరే వచ్చేది. "ఆమె ఇచ్చింది తినకు బిడ్డా, ఆమెకు మంత్రాలొస్తయట" అనేది మా అమ్మమ్మ. ఒకరోజు ఆమె నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. ఆమె చూస్తుండగానే మోరీలో పడేశాను. ఒక ఎండాకాలం ఆమె ఊరే విడిచిపోయింది. ఆమె ఇంటి జాగ ఎవరిదైందో వాడంతటికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. తెలంగాణ పల్లెల్లో పళ్ళుంటేనే మంత్రం పలుకుతుందని పళ్ళూడగొట్టారు. 2022 జనవరిలో, మా పక్కనే జగిత్యాలలో, కులసంఘం సమావేశానికి వచ్చిన తండ్రినీ ఇద్దరు కొడుకులనూ మంత్రాల అనుమానంతో చంపారు. 2024లో మెదక్ జిల్లా రామాయంపేట మండలంలో ఒక స్త్రీ మీద పెట్రోలు పోసి నిప్పంటించారు. బాణామతి మగవాళ్ళనూ వదలదు నిజమే. కానీ మొగుడు లేని, కొడుకులు ఆదుకోని, కాస్త జాగ ఉన్న ఆడదాని మీద ఆ మాట ఎంత సులువుగా అతుక్కుంటుందో మనకు తెలుసు.

చట్టం కావాలి. బీహార్ 1999లో, మహారాష్ట్ర 2013లో తెచ్చుకున్నాయి. అయితే కేసు పెడితే బోనెక్కేది కత్తి పట్టినవాడే. ఆ మాట పుట్టించినవాళ్ళూ, మోసినవాళ్ళూ, బెల్లం పారేసినవాళ్ళూ బయటే ఉంటారు. సేలంలో తొమ్మిదిమంది న్యాయమూర్తులైతే, ఇక్కడ వాడ వాడంతా న్యాయమూర్తే. అందుకే, "మూఢనమ్మకాలు, పాపం చదువులేనివాళ్ళు" అని జాలిపడే రచన చేయడం నాకిక చేతకాదు. సీవాల్ హార్వర్డ్‌లో చదివినవాడు.

పశ్చాత్తాపం మనసు తేలిక చేసుకోవడానికైతే చీటీ చాలు. బాధితురాలి కోసమైతే లెక్క చెప్పాలి. ఆమె పేరు ఇక్కడ నేను రాయలేకపోతున్నాను. రాస్తే ఆ మాట ఆమె బిడ్డల మీద మళ్ళీ పడుతుందన్న భయం ఇంకా పోలేదు. అంటే, మేం వేసిన నింద ఇంకా బతికే ఉంది. అది ఏ వాడలో పుట్టిందో ఆ వాడలోనే, ఆమె బిడ్డల ముందు, అబద్ధమాడామని మేమే చెప్పాలి. ఆ జాగ లెక్క తేల్చాలి. అందాకా నా ఈ వ్యాసం కూడా చీటీయే.