అరపూట పని, అంగట్లో పుస్తకాలకు జాగా

చిట్కుల్, ఇస్నాపూర్, పాశమైలారం ప్రజలకు, కంపెనీల మేనేజ్‌మెంట్లకు, స్థానిక అధికారులకు విజ్ఞప్తి

యాభై ఎనిమిదేళ్లు నిండిన రోజున కంపెనీలో శాలువా కప్పుతారు, స్వీట్లు పంచుతారు, గేటు దాకా వచ్చి సాగనంపుతారు. ఆర్నెల్లు తిరక్కుండానే అదే మనిషి ఇంకో కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్‌లో కనిపిస్తాడు. ఎందుకో మన దగ్గర ఎవరినడిగినా చెప్తారు. పీఎఫ్ పింఛను లెక్కకు తీసుకునే జీతం 2014 ఆగస్టు దాకా 6,500 దాటనివ్వలేదు, ఆ తర్వాత 15,000 దాటనివ్వలేదు. కనీస పింఛను 1,000 చేసిందీ అప్పుడే. పదేళ్లు గడిచినా కదల్లేదు. ఏళ్ల తరబడి మిషను ముందు నిలబడ్డవాళ్లకు కూడా చాలామందికి రెండు మూడు వేలకు మించి రావడం లేదు. ఇంటి కిరాయికే చాలదు.

కాబట్టి మళ్లీ పనిలో చేరడం మీద రిటైర్డ్ కార్మికులమైన మాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా పన్నెండు గంటల డ్యూటీ మీదే. పొద్దున ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగాలి. రిలీవర్ రాకపోతే ఆ పూట కూడా మనదే. ఆ వయసులో మోకాళ్లు ఎంత అడ్డం తిరుగుతాయో మేనేజర్లకు తెలియంది కాదు, వాళ్ల ఇళ్లలోనూ పెద్దవాళ్లున్నారు.

మాలో కొందరికి పుస్తకాల పిచ్చి ఉంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆదివారం వీక్లీ ఆఫ్ దొరికితే బస్సెక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదికి, కోఠికి పోయి సంచీ నింపుకొచ్చినవాళ్లం. ఇప్పుడు ఆ పుస్తకాలే అమ్ముదామనుకుంటున్నాం. దాంతోనే పొట్ట గడవదని తెలుసు. నూరు రూపాయల కొత్త పుస్తకం మీద చిన్న అమ్మకందారుకు మిగిలేది పాతికో ముప్పయ్యో. పాత పుస్తకాల్లో కాస్త మేలు. పాత పేపర్ల దుకాణంలో కిలోల లెక్కన తెచ్చి, అట్టలు అతికి, లోపలి పేజీలు పోలేదని చూసుకుంటే ఒక్కోదాని మీద ఇరవై మిగలొచ్చు. ఉద్యోగం పూర్తిగా మానేస్తే బతకలేం, పన్నెండు గంటలు చేస్తే అమ్మలేం. అందుకే అరపూట అడుగుతున్నాం.

కొనేవాళ్లెవరంటారా? అంగడి రోజు ఒక టార్పాలిన్ పరిచి కూర్చుంటే తెలుస్తుంది. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా అట్టల మీద మసి కూర్చుంటుంది, గుడ్డతో తుడుస్తూనే ఉండాలి. బిహార్ నుంచి వచ్చిన పిల్లాడు ఐటీఐ ఫిట్టర్ గైడు హిందీలో ఉందా అని అడుగుతాడు. ప్యాకింగ్ సెక్షన్‌లో చేసే అక్క కూతురికి పెద్దబాలశిక్ష కొంటుంది. కానిస్టేబుల్ పరీక్షల గైడ్లు ఎప్పుడూ పోతాయి, ఉగాది ముందు పంచాంగాలు పోతాయి, పాత చందమామల కోసం మా ఈడువాళ్లే పోటీపడతారు. ఒడియా పుస్తకం అడిగితే మాత్రం ఇవ్వలేకపోతున్నాం. వేలమంది ఒడియావాళ్లుండే చోట ఇదొక లోటే.

మన జిల్లాకు తెలుగు పుస్తకాల మీద ఈ మక్కువ కొత్త కాదు. తెలుగు భాష, చదువుల కోసం పుట్టిన ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మన జోగిపేటలోనే జరిగింది. ఆ తరం రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో సర్వరుగా, ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా పనిచేసినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. ఆయనకప్పుడు పాతికేళ్లు కూడా లేవు, మాకేమో అరవై దగ్గరపడ్డాయి. అంత దూరం మోయలేం. ఊళ్లో ఒక నీడపట్టు చాలు.

కంపెనీలకు మేం చెప్పేది ఇది. ఒక పన్నెండు గంటల పోస్టును ఇద్దరు రిటైర్డ్ మనుషులకు ఆరేసి గంటలు పంచండి. గేటే కానక్కర్లేదు. స్టోర్స్, గేట్‌పాసులు, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం కూడా చేస్తాం. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన ఫ్యాక్టరీ పేలుడు తర్వాత భద్రత శిక్షణ గురించి అందరూ మాట్లాడుతున్నారు. కొత్త పిల్లాడి పక్కన నిలబడి ఏ వాల్వు ముందు తిప్పాలో, ఏ వాసన వస్తే పరుగెత్తాలో చెప్పే పాత ఆపరేటర్లు ఈ ఊళ్లోనే ఖాళీగా ఉన్నారు. ఖర్చుకు భయపడాల్సిన పనీ లేదు. రిటైరై పీఎఫ్ పూర్తిగా తీసుకున్నవాళ్లకు మళ్లీ పీఎఫ్ కట్టక్కర్లేదు. 58 దాటాక పనిలో చేరితే పింఛనూ ఆగదు. యువకుల ఉద్యోగాలు లాక్కుంటున్నారని కొందరనొచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే ప్రొడక్షన్ పోస్టులు మేం అడగడం లేదు.

అధికారులకు చెప్పేది ఇంకా చిన్నది. ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరం కడుతున్నాం, అంటే పుస్తకాల కోసం ఇప్పటికే ఇస్తున్నాం. అంగడి రోజున ఏదైనా సర్కారు ఆఫీసు ప్రహరీ పక్కన నాలుగు పుస్తకాల దుకాణాలకు గీతలు గీసి ఇవ్వండి. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద గుర్తింపు కార్డులిచ్చేటప్పుడు పుస్తకాలవాళ్లనూ లెక్కలోకి తీసుకోండి. వీధి వ్యాపారులకు అప్పులిచ్చే పీఎం స్వనిధి మార్గదర్శకాల్లో పుస్తకాలు, స్టేషనరీ అమ్మేవాళ్ల ప్రస్తావన ఉంది. తొలి విడత అప్పు ఇప్పుడు 15,000. ఒక బండికి, మొదటి సరుకుకు అది సరిపోతుంది. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. 2025 మేలో తపాలా శాఖ తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో ఐదు కిలోల పార్శిల్ నూరు రూపాయలకు (పన్ను అదనం) వస్తుంది కాబట్టి పాఠ్యపుస్తకాల్లాంటివి విజయవాడ నుంచి తెప్పించుకోవడం కూడా కష్టం కాదు.

ముందు మూడు నెలలు చూడండి. ఒకటి రెండు కంపెనీలు, నాలుగు దుకాణాలు. కుదరకపోతే టార్పాలిన్ మేమే చుట్టేస్తాం.

సంతకాల కాగితాలు ఊళ్లో కిరాణా దుకాణాల్లో పెడుతున్నాం. మగవాళ్లే కాదు, ప్యాకింగ్‌లో చేసి దిగిన అక్కలు, వదినలు కూడా పెట్టాలి. పేరు కింద ఏ సెక్షన్‌లో ఎన్నేళ్లు చేశారో, పొద్దుటి పూట కావాలో సాయంత్రం పూట కావాలో రాయండి. మేనేజ్‌మెంట్లు మొదట అడిగేది అదే.

ఇట్లు,
చిట్కుల్‌లో ఉంటున్న కొందరు రిటైర్డ్ కార్మికులు