టీకా హేచరీలోనే మొదలవ్వాలి

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు కుప్పలుగా చనిపోయాయి. భోపాల్ ల్యాబ్ బర్డ్‌ఫ్లూ అని తేల్చింది. పది కిలోమీటర్ల పరిధిలో మూడు రోజులు, కిలోమీటరు లోపల మూడు నెలలు చికెన్ దుకాణాలు మూయించారు. కోవూరు నుంచి హైవే పట్టుకుని ఉత్తరానికి పోతే బోగోలు. చలికాలం వలస పక్షులు దిగే తీరం ఇది, పెరట్లో నాటుకోళ్లు తిరగని వీధి ఉండదు.

మరుసటి ఏడాది జబ్బు గోదావరి జిల్లాల ఫారాలకు పాకింది. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 రకం బర్డ్‌ఫ్లూతో మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది.

ఇంత జరిగినా మన విధానం ఒక్కటే: కోళ్లను చంపి పూడ్చి, పరిహారం ఇవ్వడం. హెచ్5ఎన్1 టీకాకు అనుమతి లేదు. టీకా వేసిన కోడిలో వైరస్ గుట్టుగా తిరుగుతుందనే భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే వెక్టర్ టీకా ఆ భయాన్ని చాలావరకు తగ్గిస్తుంది.

ఆ టీకాకు దారి ఇప్పటికే ఉంది. కోళ్లకు మారెక్స్ జబ్బు రాకుండా హేచరీల్లో ఒకరోజు పిల్లకు మెడ చర్మం కింద సూది వేస్తారు. ద్రవ నత్రజనిలో గడ్డకట్టి ఉన్న ఆంపూల్‌ను గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ఆలస్యం కాకుండా వాడేస్తారు. అందులో ఉండేది కోడికి హాని చేయని టర్కీకోడి హెర్పెస్ వైరస్. దాని జన్యువుల్లో బర్డ్‌ఫ్లూ వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువు ఒక్కటే చేరిస్తే వెక్టర్ టీకా తయారవుతుంది. బర్డ్‌ఫ్లూ లోపలి ప్రొటీన్ ఇందులో ఉండదు కనుక, రక్తపరీక్షలో దానికి యాంటీబాడీలు కనబడితే ఆ కోడికి నిజంగా జబ్బు సోకినట్టే. దాపరికం కుదరదు.

ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకా తప్పనిసరి చేసింది. అక్కడ వాడినవి వేరే రకం టీకాలు. అయినా అంతకుముందు సీజన్‌లో దాదాపు 400 ఫారాలను తాకిన జబ్బు తర్వాత పదింటికి తగ్గింది. నిఘా పెట్టి మరీ వేశారు, అదే ముఖ్యం.

మనకు చేతకాని పనేమీ కాదిది. భోపాల్ ల్యాబ్ తయారుచేసిన, బర్డ్‌ఫ్లూలోనే మరో రకమైన హెచ్9ఎన్2 టీకా పరిజ్ఞానం 2022లోనే సికింద్రాబాద్‌లోని గ్లోబియాన్ సహా నాలుగు కంపెనీల చేతికొచ్చింది. హెచ్5 వెక్టర్ టీకాను కొన్ని హేచరీల్లో రక్తపరీక్షలతో కలిపి పరీక్షించడానికి కేంద్రం అనుమతించాలి. హేచరీ సూది బోగోలు పెరటికోడి పొదిగిన పిల్లదాకా రాదు. ఆ పిల్లలకూ టీకా అందాలంటే పశుసంవర్ధక శాఖ ఊరూరా సిబ్బందిని, శీతల పెట్టెలను సిద్ధం చేయాలి. ఖర్చయ్యే పనే, ఆ లెక్క ఇప్పుడే వేయాలి.