తలుపులు అమ్మకండి, తెరవండి

విదేశయాత్రలు చేసి వచ్చిన మనవాళ్లు ఫ్రాన్సు పల్లెసీమలలోని పాత రాతి ఇళ్లను గురించి చెప్పేటప్పుడు వారి కన్నులు మెరుస్తాయి. మూరెడు మందపు రాతి గోడలట, వయసుతో నల్లబడిన దూలాలట, గోడల మీద ఎవరో చిత్రకారుడు ఓపికగా వేసిన లతలూ పక్షులూనట. ఆ ఇంట్లో వారం రోజులు ఉండి రావడానికి వారు చెల్లించిన సొమ్ము వింటే మన పల్నాటి రైతుకు మిరపచేను పురుగుమందుల ఖాతా గుర్తుకు వస్తుంది. సంతోషమే. సౌందర్యాన్ని మెచ్చడానికి దేశభేదం ఉండనక్కరలేదు. కాని ఆ మెచ్చిన నోటితోనే, తమ తాతగారి మండువా లోగిలిని "ఆ పాత కొంప ఇంకా ఎందుకు, పడగొట్టించి స్థలం చదును చేయించండి" అని ఊరికి ఫోను చేసేవారిని చూస్తే ఊరుకోబుద్ధి కాదు. ఈ టపా వారితో జగడానికే వ్రాస్తున్నాను.

ముందుగా వస్తుపరిచయం. 2022లో జిల్లాలను విడదీసి పల్నాడు, బాపట్ల అని క్రొత్త పేర్లు పెట్టారు గాని, పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేల మాత్రం ఒక్కటే. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పత్తికి ప్రాణం పోసే ఆ గుణమే గోడకు మృత్యువు. అందుచేత ఈ మైదానంలో ఇల్లు కట్టదలచినవాడు రేగడిని లోతుగా తవ్వించి, గట్టినేల తగిలిన తరువాతనే రాతితో పునాది లేపించేవాడు. రాయి మాచర్ల, దాచేపల్లి వైపు దొరికే నాపరాయి. సున్నం పిడుగురాళ్ల బట్టీలది. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దు త్రిప్పే గానుగలో నలిపి, బెల్లపు నీరూ కరక్కాయ కషాయమూ చేర్చి గోడకు పూసేవారు. కలిగినవారి ఇళ్లకు టేకు బర్మా నుండి ఓడలలో వచ్చేది. ఇంటి నడుమ ఆకాశానికి తెరచిన మండువా. దాని చుట్టూ స్తంభాల వసారాలు. వెలుతురు, వాన, గాలి అన్నీ ఆ దారినే ఇంట్లోకి వచ్చేవి, మే నెల వడగాడ్పుల వేడి ఆ దారినే పైకి పోయేది.

ఇక అలంకారం. వీధి ద్వారబంధం పైకమ్మి మీద గజలక్ష్మి, నిలువు కమ్ముల వెంట లతలు, చిలుకలు, పద్మాలు, తలుపు చెక్కలకు ఇత్తడి పువ్వులు. ఇవి వడ్రంగి ఉలికి పుట్టినవి. మిగిలిన అలంకారమంతా ఇంటి ఆడవారిది. గడపకు పసుపు, వాకిట ముగ్గు, గోడ అడుగున జాజుపట్టె, సంక్రాంతికి వెల్ల. చిత్రకారుని చిత్రం ఒకసారి వేస్తే నిలిచిపోతుంది. మన గడప మీది చిత్రం రోజూ చెరిగి రోజూ పుట్టేది. అందువల్ల మనిషి వెళ్లిపోయిన ఇంట్లో ముందుగా చనిపోయేది ఆ అలంకారమే. పెంకులు తరువాత రాలుతాయి.

ఈ ఇళ్లు ఏ తుపానుకో కూలిపోతున్నాయని అనుకుంటే పొరపాటు. వాటిని ముక్కలుగా అమ్ముతున్నారు. వారసులు తలా ఒక నగరంలో ఉంటారు. ఊళ్లో ఇల్లు పత్తి బోరాలకు కొట్టు అవుతుంది. ఒకనాడు పాత కలప వర్తకుడు వచ్చి ద్వారబంధానికి ఒక ధర, స్తంభానికి ఒక ధర, దూలానికి ఒక ధర కట్టి, తలుపును ఊడదీసి లారీలో వేసుకొని పోతాడు. తలుపు లేని ఇంట్లోకి వాన వస్తుంది, రెండేళ్లలో గోడ దిగుతుంది, "చూశారా, ఎలాగూ పడిపోయేదే" అని అందరూ సమాధానపడతారు. ఆ తలుపు మరెక్కడో ఒక హోటలు గోడకు ఆనించి నిలుస్తుంది. దాని వెనుక గది ఉండదు. గడప లేని తలుపు, తెరవడానికి వీలులేని తలుపు! దాని ముందు మన పిల్లలు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ హోటలులో అరిటాకు వేసి "పల్లె భోజనం" వడ్డిస్తారు, దానికి మనమే సొమ్ము చెల్లిస్తాము. తాతగారి తలుపును చూడడానికి మనుమడు టిక్కెట్టు కొనవలసి రావడం కన్నా మించిన పరిహాసం ఏముంటుంది?

చట్టం చూసుకొంటుందిలే అనేవారికి ఒక విచిత్రం చెబుతాను. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రభుత్వం ఎంచి ప్రకటించిన కట్టడాలకే రక్ష ఇస్తుంది. పల్లెటూరి లోగిలికి ఆ గౌరవం దక్కేదెన్నడు? 1972 నాటి పురావస్తువుల చట్టం నిర్వచనంలో మాత్రం, నూరేండ్లు నిండి, కట్టడం నుండి ఊడదీసిన వస్తువు కూడా పురావస్తువే. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. అనగా, తలుపు ఇంటికి ఉన్నంతకాలం అనాథ. ఇంటిని చంపి దానిని బయటికి తీసిన తరువాత చట్టానికి ఆప్తబంధువు. నిర్వచనం వ్రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఇల్లు ఇల్లుగా బ్రతకడానికి అందులో చోటు లేదు.

మనకు ఇది క్రొత్త అలవాటు కూడా కాదు. అమరావతి స్తూపాన్ని తలచుకోండి. అదీ మన పల్నాటి సున్నపురాయే, ప్రపంచం నివ్వెరపోయే శిల్పం చెక్కిన రాయి. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో నూతన నగరం కట్టించేటప్పుడు ఆ దిబ్బలోని రాళ్లు కట్టడాలకు తరలిపోయాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తిరిగివచ్చి చిత్రాలు గీయించాడు. ఎన్నో పలకలు సున్నపు బట్టీలలో కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ముందు మద్రాసుకు, అందులో చాలా భాగం 1859లో లండనుకు చేరాయి. ఈనాడు బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లి ఆ పలకల ముందు కన్నీరు పెట్టుకొనే తెలుగువాడు, ఆ రాళ్లను ముందు కదిలించినది మన ఊరి అవసరమేనని కూడా తలచుకోవాలి. దొర తీసుకొనిపోయినది దోపిడీ అయితే, మనం బట్టీలో వేసినది ఏమిటి? నాయుడుగారికి ఆనాడు పురావస్తుశాస్త్రం తెలియదు. మనకు తెలిసీ అదే పని చేస్తున్నాము.

ఫ్రాన్సువారు పుట్టుకతో సౌందర్యోపాసకులు, మనం కాదు అనే మాటను నేను అంగీకరించను. వారి పల్లెలూ ఖాళీ అయ్యాయి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత యువకులు పట్టణాలకు పోతే రాతి ఇళ్లు పాడుపడ్డాయి. అప్పుడు వారు చేసిన పని గమనించదగినది. పాడుపడుతున్న పల్లె ఇంటిని బాగుచేసి, సెలవులకు వచ్చేవారికి అద్దెకిచ్చే పద్ధతిని 1951లో ఆల్ప్స్ కొండల ప్రాంతంలో మొదలుపెట్టారు. 1955లో అటువంటి ఇళ్లకు జాతీయ సమాఖ్య ఏర్పడింది. రైతుకు రెండవ ఆదాయం, ఇంటికి ఆయుష్షు, పట్టణవాసికి పల్లె పరిచయం: మూడూ ఒక్క ఏర్పాటులో కుదిరాయి. 1962లో పాత పేటల రక్షణకు చట్టం వచ్చింది. 1996లో ఏర్పడిన వారసత్వ సంస్థ గుర్తింపు పొందిన పాత ఇంటిని యజమాని బాగుచేయించుకొంటే పన్నులో తగ్గింపు దొరుకుతుంది. 2018 నుండి శిథిల కట్టడాల కోసం ఏకంగా ఒక లాటరీయే నడుపుతున్నారు. షార్త్ర్ పట్టణంలో రేమొన్ ఇసిదోర్ అనే శ్మశానపు ఊడ్పుపనివాడు పగిలిన పింగాణీ ముక్కలు ఏరుకొని తన చిన్న ఇంటిని లోపలా బయటా అలంకరించుకొన్నాడు. ఆయన 1964లో మరణిస్తే, 1983లో ప్రభుత్వం ఆ ఇంటిని చారిత్రక కట్టడంగా గుర్తించింది. రాజుగారి కోటను కాపాడడం ఎవరైనా చేస్తారు. ఊడ్చేవాని ఇంటిని కాపాడడంలోనే ఒక జాతి బుద్ధి తెలుస్తుంది.

మరి మనకు ఆ మార్గం ఎందుకు పనికిరాదు? నాకు ఎదురైన అభ్యంతరాలు నాలుగు.

మొదటిది: "వచ్చినవారికి అన్నం పెట్టిన ఇంటిలో గదులు అద్దెకిచ్చి సొమ్ము పుచ్చుకోవడం అప్రతిష్ఠ." అన్నవిక్రయం తప్పన్న మాట మన శాస్త్రాలలో ఉన్నమాట నిజమే. కాని పూటకూళ్లు తెలుగువారికి పరాయి సంగతి కాదు. మన వినుకొండ వల్లభరాయని పేర నిలిచిన క్రీడాభిరామంలో (అది శ్రీనాథునిదేనన్న వాదమూ ఉన్నది) ఓరుగల్లు పూటకూటింటి భోజనవర్ణన నోరూరించేటట్లు ఉంటుంది, దాని ధర కూడా చెప్పబడి ఉంటుంది. రూక తీసుకొని అన్నం పెట్టడం అప్రతిష్ఠ కాలేదు గాని, ముత్తాత చెక్కించిన గజలక్ష్మిని బరువు కట్టి అమ్మడం ప్రతిష్ఠ అయిందా?

రెండవది బరువైనది. "ఆ లోగిళ్లు పెత్తందారీతనానికి గుర్తులు. కొన్ని కులాలవారిని ఆ గడప దాటనివ్వలేదు. పోతే పోనివ్వండి." ఈ మాటలోని మొదటి రెండు వాక్యాలు సత్యం. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి ఈ నేల మీద పుట్టినదే. దానిని చదివినవాడెవడూ ఆ సత్యాన్ని కాదనలేడు. కాని మూడవ వాక్యం దగ్గర నేను ఆగుతాను. ఇల్లు పడగొట్టినందువల్ల పెత్తనం పడిందా? పొలం ఉన్నది, పలుకుబడి ఉన్నది, ఆ స్థలంలోనే మూడంతస్తుల మేడ లేచింది. పోయినది వడ్రంగి చేతిపని, రాళ్లు కొట్టినవాని చెమట, గానుగ త్రిప్పినవాని రోజులు. ఆ ఇంటి మీద యజమాని పేరు శాసనంగా ఉంటుంది గాని, పనివానికి ఆ పనే శాసనం. దానిని చెరిపి వానికి న్యాయం చేశామనడం ఎటువంటి న్యాయం? ఒకనాడు గడప దాటనివ్వని వారి మనుమడు, మనుమరాలు ఈనాడు అతిథులై వీధి తలుపు గుండానే లోపలికి వచ్చి, మండువాలో కూర్చొని కాఫీ త్రాగి, పడకగదిలో పడుకొని లేచే ఏర్పాటు చేయండి. ఆ ఇంటికి అంతకు మించిన ప్రాయశ్చిత్తం లేదు. అద్దెకిస్తూ కులం అడిగే యజమాని ఉంటే, వాని ఇల్లు కూలినా నాకు విచారం లేదు.

మూడవది ఖర్చు. పెంకులు తిరగవేయడానికి మనుషులు దొరకరంటారు. దొరకడం కష్టమే. కాని ఖర్చులో సగం మన అజ్ఞానం వల్ల వస్తున్నది. సున్నపు గోడ చెమ్మను పీల్చి మరల విడుస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకొని గోడను తినేస్తుంది. టేకు చెక్కడం మీద ఎనామిలు రంగు పొరలు పొరలుగా వేస్తే చిలుక ముక్కు, పద్మం రేకు అన్నీ మూసుకొనిపోతాయి. ముందు ఈ రెండు అపచారాలూ మానండి. సున్నపురాయి ఇప్పటికీ పిడుగురాళ్లలోనే కాలుతున్నది.

నాలుగవది: "మన ఊరికి ఎవరు వస్తారు?" అమరావతికి, ఉండవల్లికి, నాగార్జునకొండకు, కొండవీటికి, కోటప్పకొండకు, సూర్యలంక సముద్రతీరానికి వచ్చేవారు వస్తూనే ఉన్నారు. సాయంత్రానికి విజయవాడ హోటళ్లకు మరలిపోతున్నారు, ఎందుకంటే దగ్గరి ఊళ్లో తల దాచుకోవడానికి చోటు లేదు. ఎవరూ రాకపోయినా, అమెరికాలో పుట్టిన మీ మనుమలు వస్తారు కదా! చీమకుర్తి నల్లరాయి ఓడలెక్కి ఐరోపా వంటిళ్లలో బల్లలై మెరుస్తున్నది, మార్కాపురం పలకరాయి పరదేశపు గోడలకు ఎక్కింది. మన రాయికి అక్కడ ఇల్లు దొరికింది. మన రాతి ఇంటికి ఇక్కడ నిలువ నీడ లేదు.

నేను అన్ని ఇళ్లనూ నిలపమనడం లేదు. నిలువలేని ఇల్లు ఉంటుంది, అన్నదమ్ముల వాటాలలో చిక్కిన ఇల్లు ఉంటుంది. అప్పుడైనా పడగొట్టే ముందు కొలతలు తీయించండి, ప్రతి స్తంభానికీ ఫొటో తీయండి, చెక్కినవాని పేరు ఊళ్లో ముసలివారికి తెలిస్తే వ్రాసి పెట్టండి. తలుపును వర్తకునికి ఇచ్చేకన్నా ఊరి గ్రంథాలయానికో, బడికో ఇవ్వండి. అక్కడ అది తెరుచుకొంటుంది, మూసుకొంటుంది. నిలువగల ఇల్లయితే మాత్రం రెండు గదులు బాగుచేయించి అతిథులకు ఇవ్వండి. మిగిలిన గదులు వాటంతట అవే అడుగుతాయి.

విభేదించే మిత్రులు నిర్మొహమాటంగా వ్రాయండి, సమాధానం చెబుతాను. అయితే వ్రాసే ముందు ఒకసారి మీ ఊరికి ఫోను చేసి, మీ తాతగారింటి వీధి తలుపు ఇంకా ఉన్నదో లేదో కనుక్కోండి.