గాత్రమునకు రెండర్థములు

గాత్రమను పదమునకు దేహమనియు, కంఠస్వరమనియు రెండర్థములు కలవు. ఆ రెండింటిని విడదీసి, మొదటిదానికి హెచ్చు వెలయు, రెండవదానికి తక్కువ వెలయు కట్టుట పాశ్చాత్య పాప్ సంగీత వ్యాపారమునకు అలవాటైనది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ అను సంగీత టీవీ ఛానలు ప్రారంభమైన పిదప, అంతవరకు ప్రధానముగా చెవికి విందైన పాట కంటికిని విందు కావలసివచ్చెను. గొంతెట్టిదని విచారించుటకు పూర్వమే రూపమెట్టిదని విచారించు పద్ధతి అంతట బలపడెను.

ఆ పద్ధతిని తుదిముట్ట నడిపినవాడు జర్మనీ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్. 1970లలోనే, బోనీ ఎమ్ బృందమున బాబీ ఫారెల్ వేదికపై చిందులు వేయుచుండగా, రికార్డులలోని పురుషకంఠము ఫారియన్‌దే. 1988లో ఆయన చార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్ మున్నగువారిచే పాడించి, వారి రూపము అమ్ముడుపోదని తలచి, రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్ అను చక్కని నర్తకులిద్దరిని మిల్లీ వనిల్లీ యను పేరిట ముందు నిలిపెను. 1989 జూలైలో కనెక్టికట్ రాష్ట్రమందలి బ్రిస్టల్‌లో ప్రదర్శన జరుగుచుండగా, వెనుక మ్రోగుచున్న పాట ఒక ముక్కయొద్ద చిక్కుకొని దానినే మరల మరల వల్లించుటయు, రాబ్ వేదిక విడిచి పరుగెత్తుటయు సంభవించెను. అయినను 1990 ఫిబ్రవరిలో ఉత్తమ నూతన కళాకారులకిచ్చు గ్రామీ పురస్కారము వారినే వరించెను. ఆ నవంబరులో ఫారియన్ తానే గుట్టు విప్పగా పురస్కారము రద్దయ్యెను. నాటకమాడించినవాని వృత్తి సాగిపోయెను. నవ్వులపాలైనవారు ఆడిన యువకులు. రాబ్ 1998లో ఫ్రాంక్‌ఫర్ట్ సమీపమున ఒక హోటలు గదిలో మరణించెను.

ఒకరి ముఖమునకు ఇంకొకరి కంఠమా యని ముక్కున వ్రేలు వేసికొను అర్హత తెలుగువారికి లేదు. రామారావునకును, నాగేశ్వరరావునకును ఘంటసాలయే పాడినాడు. ప్రేక్షకులలో మోసపోతిమని కుమిలినవారు లేరు. ఏలన, ఆయన పేరు సినిమా ఆరంభమున తెరపై కనబడెడిది, రికార్డుపై అచ్చయ్యెడిది, రేడియోలో పాటకు ముందే వినబడెడిది. ఈ మర్యాదయైనను తొలినుండి ఉన్నది కాదు. 1949 నాటి హిందీ చిత్రము ‘మహల్’లో లతా మంగేష్కర్ పాడిన పాటకు గ్రామఫోను రికార్డుపై గాయని పేరు గాక, కామిని యను పాత్ర పేరు ముద్రించిరి. కావున ముఖమును, కంఠమును వేరుచేయుటలో పాపము లేదు. కంఠము గలవాని పేరును మ్రింగుటలో ఉన్నది. సొమ్మొకడిది సోకొకడిది యన్న సామెత ఇట్టివారినిగూర్చియే పుట్టినది కాబోలు.

మార్తా వాష్ కథ ఇందుకు దృష్టాంతము. సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ వారు 1990లో వెలువరించి, లోకమునెల్ల గంతులు వేయించిన పాటలో మ్రోగు స్త్రీకంఠము ఆమెది. వీడియోలో పెదవులు కదిపినది జెల్మా డేవిస్ అను మఱియొక సన్నని యువతి. స్థూలకాయ యగు మార్తా న్యాయస్థానమెక్కెను. తుదకు కుదిరిన రాజీలో, గాత్రము మార్తాది, దృశ్యరూపము జెల్మాది యని వీడియోలో తెలుపవలసినదిగా రికార్డు సంస్థయే ఎంటీవీని కోరవలసివచ్చెను. ఒక్క పంక్తి అక్షరములకై ఇంత పోరాటము!

రూపము నేరమని నేననను. నర్తనమును కళయే, రాబ్, ఫాబ్‌లను నర్తకులుగా ప్రకటించియున్నచో వారిని నిందించువారుండరు. వేదికపై రికార్డు మ్రోగినను, యంత్రము శ్రుతి దిద్దినను, పాడినదెవరో శ్రోతకు చెప్పుట వ్యాపారి కనీసధర్మము. దానిని ఆదినుండియు పాటించియున్నచో, జాన్ డేవిస్, ఫాబ్ మోర్వాన్‌లు తుదకు ఒకే వేదికపై నిలిచి పాడుటకు ఏండ్ల తరబడి వేచియుండవలసివచ్చెడిది కాదు.