నేలను తాకాక మొదలయ్యే పరీక్ష

అమెరికాలో చిన్న విమానాల ప్రమాద నివేదికలు తిరగేస్తే ఒకే మాట పదే పదే కనిపిస్తుంది: దిగాక రన్‌వే మీద విమానాన్ని దిశ తప్పకుండా నడపడంలో పైలట్ విఫలమయ్యారని. జాతీయ రవాణా భద్రతా మండలి ప్రమాద కారణంగా తేల్చేది దాన్నే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ పైలట్‌కు పక్క నుంచి గాలి వీచేటప్పుడు దిగడం ఎవరైనా సరిగ్గా నేర్పారా అన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు పోవడం అరుదు. రెక్క కొన నేలకు రాసుకుంటుంది, చక్రం విరుగుతుంది. ప్రొపెల్లర్ నేలకు తగిలితే ఇంజిన్ మొత్తం విప్పి చూడాలి. మనుషులు నడిచి బయటికొస్తారు గనుక దీనిపై చర్చే జరగదు.

రన్‌వేకు అడ్డంగా వీచే గాలి తోకను నెడితే ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. దాన్ని కాళ్లతో రడ్డర్, అంటే తోక చుక్కాని, తొక్కి ఆపాలి. విమానం వేగం సగానికి తగ్గితే రడ్డర్ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అడ్డగాలి మాత్రం అలాగే వీస్తుంటుంది. చక్రాలు నేలను తాకగానే పని అయిపోయిందని కాళ్లు సడలించే పైలట్ సరిగ్గా ఆ క్షణంలోనే దొరికిపోతాడు. పైపర్ కబ్ లాంటి తోకచక్రం విమానాల్లో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. ట్రాక్టరుతో ట్రాలీని వెనక్కి నెట్టిన రైతుకు ఈ ఇబ్బంది తెలుసు: చిన్న వంకర వెంటనే సరిచేయకపోతే అది తనంతట తానే పెరుగుతుంది. 1955లో తొలిసారి ఎగిరిన సెస్నా 172లో ముక్కు కింద చక్రం పెట్టి, బరువు కేంద్రాన్ని ప్రధాన చక్రాలకు ముందుకు తెచ్చారు. దాంతో విమానం మెత్తబడింది. నా ఉద్దేశంలో పైలట్ల కాళ్లు కూడా మెత్తబడ్డాయి.

తోకచక్రం విమానం నడపాలంటే శిక్షకుడు ప్రత్యేకంగా సంతకం చేయాలని అమెరికా 1991లో నియమం తెచ్చింది. అడ్డగాలిలో దిగడం చూపించనిదే ఆ సంతకం రాదు. మామూలు ప్రైవేట్ లైసెన్సుకు మాత్రం అంత పట్టుదల లేదు. కనీసం 40 గంటలు ఎగరాలి, రాత్రిపూట 10 సార్లు దిగాలి అని లెక్క చెప్పిన నియమం, అడ్డగాలిలో ఎన్నిసార్లు దిగాలో చెప్పదు. శిక్షణలో అది తప్పనిసరే. అయితే పరీక్ష రోజు అడ్డగాలి లేకపోతే నోటి ప్రశ్నలతో సరిపెట్టవచ్చు!

నోటితో జవాబు చెప్పడానికీ కాళ్లతో చెప్పడానికీ ఎంతో తేడా ఉంది. సెస్నా 172 మాన్యువల్‌లో చూపే 15 నాట్లు, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్ల అడ్డగాలి, విమానాన్ని పరీక్షించినప్పుడు దిగి చూపించిన అంకె మాత్రమే. అది కొత్త పైలట్‌కు ఇచ్చిన హామీ కాదు.

అందుకే 1991 నాటి సంతకం పద్ధతిని మామూలు ప్రైవేట్ లైసెన్సుకూ తేవాలి. పరీక్షలో అడ్డగాలి ఎదుర్కోని వారి లైసెన్సు మీద తక్కువ గాలి పరిమితి రాయాలి; శిక్షకుడి పక్కన కూర్చుని నిజమైన గాలిలో దిగి చూపాకే దాన్ని తీసేయాలి. శిక్షణ ఖర్చు పెరుగుతుందని పాఠశాలలు అంటాయి. పెరుగుతుంది, నిజమే. ఇంజిన్ విప్పి చూసే బిల్లు ముందు ఆ కొన్ని గంటల అద్దె పెద్దదేమీ కాదు. పైలట్ కావాలని అమెరికా శిక్షణ పాఠశాలలకు వెళుతున్న మన తెలుగు పిల్లలు ఫీజు కట్టే ముందు అడగాల్సింది కూడా ఇదే: గాలి వీచే రోజున మీరు విద్యార్థిని ఎగరనిస్తారా, లేక విమానాన్ని షెడ్డులోనే ఉంచుతారా అని.